మూడు రోజులు దాచిన టిక్కు

ఆఫీసులో అందరూ ఆయన్ని ఊఁ గారు అనేవాళ్ళు. ఎవరేం అడిగినా ఆయన నోటివెంట ముందుగా వచ్చేది అదే. "రిపోర్టు పంపారా?" "ఊఁ." "ఒంట్లో బాగుందా?" "ఊఁ." బాగుందనా, అడిగింది విన్నాననా అన్నది అడిగినవాళ్ళే తేల్చుకోవాలి.

ఆయనకు నలభై ఆరేళ్ళు. చదువు అంతంతమాత్రమే. మేనమామ రేడియోల దుకాణంలో టంకం వేయడం నేర్చుకుని, ఆ చేతిపని ఆసరాతో నీటి విభాగంలో పరికరాల మెకానిక్కుగా చేరారు. జలాశయాల దగ్గరా, కాలువ గట్ల మీదా విభాగంవారి ఇనప పెట్టెలు అరవై మూడు ఉన్నాయి. ఒక్కో పెట్టెలో అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డు. అది పావుగంటకోసారి నీటిమట్టం కొలిచి ప్రధాన కార్యాలయానికి అంకె పంపుతుంది. అరవై మూడింటిలో ఏది మొండికేసినా కబురు ఊఁ గారి బల్ల మీదికే వచ్చేది.

ఆ బల్ల అడుగు అంతస్తులో, పాత ఫైళ్ళ గది పక్కన ఉండేది. ఒకప్పుడు అక్కడ నలుగురు పనిచేసేవాళ్ళు. ఒకరు రిటైరయ్యారు, ఒకరు బదిలీ మీద వెళ్ళారు, ఇంకొకాయన ఎవరినో పట్టుకుని పై అంతస్తుకు ఎగబాకాడు. కుర్చీలు మాత్రం మిగిలాయి. ఊఁ గారు ఒకదాని మీద గొడుగు, ఒకదాని మీద క్యారేజీ, మూడోదాని మీద పాడైన బోర్డులు పెట్టుకునేవారు. చూసేవాళ్ళకు ఏ కుర్చీ ఖాళీగా లేనట్టే ఉండేది.

ఇంట్లోనూ అంతే. భార్య వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళు. గొడవపడి వెళ్ళలేదు. గొడవపడాలన్నా ఇద్దరూ మాట్లాడాలి కదా. ఒక ఆదివారం ఉదయం బట్టలు సర్దుకుని, "మీరు చెడ్డవారు కారు. కానీ ఈ ఇంట్లో నా గొంతు తప్ప నాకింకోటి వినపడటం లేదు. మా అన్నయ్య దగ్గర ఉద్యోగం చూసుకుంటాను," అంది. ఆయన పెట్టె మోసుకెళ్ళి టాక్సీలో పెట్టారు. "మరి వెళ్ళనా?" అని అడిగితే "ఊఁ" అన్నారు. ఆగమని చెప్పవచ్చని ఆయనకు తట్టింది ఆ మధ్యాహ్నం, గిన్నెలు కడుగుతున్నప్పుడు.

ఆ ఏడు వానలు మొదలైన వారానికి, కొండల మధ్య ఉన్న ఒక జలాశయం నుంచి అంకెలు రావడం ఆగిపోయింది. బోర్డుకు ప్రాణం ఉందనీ, మాట మాత్రం పడిపోయిందనీ ఊఁ గారికి అర్థమైంది. అక్కడికి వెళ్ళాలంటే ఒక పూటంతా ప్రయాణం. ప్రయాణానికి పైవాళ్ళ సంతకాలు కావాలి. ఆ సంతకాలు పడేసరికి వానాకాలం కాస్తా అయిపోతుంది. కాబట్టి శుక్రవారం ఉదయం ఆ స్టేషన్‌కు ఫోన్ చేశారు.

"హలో! ఎవరండీ? పెట్టెలు బాగుచేసే సారేనా? మీ గురించే చూస్తున్నా. నిన్నట్నుంచీ ఈ పెట్టె అలిగి కూర్చుంది. లైటు వెలుగుతుంది, పలకదు. మా ఆయన కూడా అచ్చం ఇలాగే అలిగేవాడు. ఆయనకైతే టీ ఇస్తే సరిపోయేది."

ఆ ఫోన్ ఎత్తింది గేజమ్మ. అసలు పేరు రికార్డులో ఉంది గానీ ఎవరూ వాడరు. జలాశయం గోడ పొడుగునా నీళ్ళలోకి దిగే మెట్లు ఎనభై నాలుగు. వాటి పక్కన మీటర్లు, సెంటీమీటర్లు రాసిన గేజీ పలక. ఆ అంకెలు చదివే పని మొదట ఆవిడ భర్తది. ఆయన పోయాక ఆవిడకు వచ్చింది. తర్వాత యంత్రం వచ్చింది. యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండమని ఆవిడను అక్కడే ఉంచారు. యంత్రం మూగబోతే మళ్ళీ ఆవిడే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మెట్లు దిగి అంకె చూసి కంట్రోల్ రూముకు చెప్పాలి. అప్పటికి ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు, ఎడమ మోకాలు సరిగ్గా వంగదు.

"అలమారలో ఒక కేబుల్ ఉంటుంది," అన్నారు ఊఁ గారు. "ఒక పక్క ల్యాప్‌టాప్‌కు పెట్టేది. ఇంకో పక్క నాలుగు తీగలు."

"ఉందుంది. ఎర్ర, నల్ల, తెల్ల, ఆకుపచ్చ."

"ఎర్ర దాని జోలికి వెళ్ళకండి. అది తగిలిస్తే బోర్డు కాలుతుంది. మిగతా మూడూ పెట్టాలి."

బోర్డు అంచున పక్కపక్కనే మూడు పిన్నులు ఉంటాయి. తెర లేని ఆ బోర్డుకు లోపల ఏం జరుగుతోందో చెప్పుకోవడానికి అదొక్కటే దారి. ఒక పిన్ను మీద బోర్డు మాట్లాడుతుంది, ఇంకోదాని మీద వింటుంది, మూడోది రెండు పక్కలకూ ఉమ్మడిగా ఉండే గ్రౌండు. గేజమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, పిన్నుల పక్కనున్న చీమ తలకాయంత అక్షరాలు చదివి, తీగలు గుచ్చింది. ల్యాప్‌టాప్ తెర నల్లగానే ఉండిపోయింది.

"ఏం లేదు సారూ. అమావాస్య."

"తెల్ల తీగ ఏ పిన్నుకు పెట్టారు?"

"ఆర్ఎక్స్ అని రాసుందే, దానికి."

"అది బోర్డు వినే పిన్ను. తెల్లది కేబుల్ వినే తీగ. ఇద్దరూ వింటూ కూర్చున్నారు. మార్చి పెట్టండి."

గేజమ్మ పకపకా నవ్వింది. "అలా చెప్పండి మరి! ఇద్దరూ వింటూ కూర్చుంటే సంసారం ఎలా సాగుతుంది?"

ఊఁ గారికి కూడా నవ్వొచ్చింది. గదిలో తన నవ్వు విని తానే తలుపు వైపు చూశారు, ఎవరైనా వచ్చారేమోనని.

తీగలు మార్చాక తెర మీద ఏవో గీతలు, చుక్కలు, అర్థంలేని గుర్తులు కుప్పపడ్డాయి. శనివారమంతా వాటితోనే సరిపోయింది. ల్యాప్‌టాప్‌లో వేగం తక్కువగా పెట్టి ఉంది, బోర్డు మాత్రం గడగడా మాట్లాడేస్తోంది. "ఒకటి, ఒకటి, ఐదు, రెండు, సున్నా, సున్నా," అని ఆయన అంకెలు చెప్పగా ఆవిడ కొట్టింది. సగం మాటలు కుదురుకున్నాయి, మధ్యమధ్యలో ఇంకా చెత్త వస్తోంది. చివరికి చూస్తే నల్ల తీగ పక్క పిన్ను మీద సగం ఎక్కి ఉంది. దాన్ని సరిచేశాక వరసలు శుభ్రంగా రావడం మొదలైంది. ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే ఆయన రాసుకున్నారు.

ఈ పని మధ్యలో ఆవిడ చెప్పని సంగతి లేదు. గేటు దగ్గరి వాచ్‌మన్ తన పెన్నులు ఎలా మాయం చేస్తాడో, చెల్లెలికి మొన్న కళ్ళ ఆపరేషన్ ఎలా జరిగిందో, వాన పడితే గేటు గదిలో చుక్క పడేచోట పెట్టిన బకెట్ ఎన్నింటికి నిండుతుందో, అన్నీ. సాయంత్రానికి సారూ పోయి తమ్ముడూ వచ్చింది. "ఉంటా తమ్ముడూ, మెట్లు దిగొచ్చే వేళైంది. సోమవారం చేస్తావుగా?"

"చేస్తాను," అన్నారు ఆయన. ఊఁ అనలేదు.

ఆదివారం ఊఁ గారు ఇంట్లో ఉన్నారు. చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నారు. మధ్యాహ్నం ఒక కాగితం తీసుకుని సోమవారం అడగవలసినవి వరసగా రాశారు. వేగం సరిచూడాలి. లోపం ఏ వరస దగ్గర వస్తోంది? బోర్డులోని మెమరీ కార్డు ఏ కంపెనీది? దాని కింద, కాస్త ఎడంగా, మోకాలు ఎలా ఉంది అని రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

సోమవారం అంతా తేలిపోయింది. కరెంటు పోయి వస్తూ ఉండటంతో మెమరీ కార్డులో ఫైళ్ళు చెడ్డాయి. బోర్డు సగం లేచి ఆగిపోయి, మరమ్మతు చేయాలి, పాస్‌వర్డ్ ఇవ్వండి అని అడుగుతోంది. ఆయన పాస్‌వర్డ్ చెప్పారు.

"కొట్టాను తమ్ముడూ. కదలదే. ఎంటర్ నొక్కినా అంతే. అది చెప్పేది నాకు వస్తోంది, నేను కొట్టేది దానికి పోవట్లేదు."

ఆ మాట వింటూనే ఊఁ గారికి సంగతి బోధపడింది. ఇరవై ఏళ్ళలో కనీసం నలభైసార్లు చూసిన తంటా అది. ల్యాప్‌టాప్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ అన్నచోట టిక్కు పడి ఉంటుంది. ఆ కేబుల్‌లో లేని ఇంకో తీగ మీద అనుమతి వస్తుందని కంప్యూటర్ ఎదురుచూస్తూ, కొట్టిన అక్షరాన్ని బయటికి వదలదు. ఆ టిక్కు తీసేస్తే చాలు. పాస్‌వర్డు వెళుతుంది, మరమ్మతు ఆదేశం ఇస్తారు, పది నిమిషాల్లో బోర్డు లేస్తుంది. ఆ తర్వాత ఫోన్ చేయడానికి కారణమేమీ ఉండదు.

నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది.

"ఆకుపచ్చ తీగ ఒకసారి తీసి పెట్టండి," అన్నారు.

ఆవిడ తీసి పెట్టింది. "ఉహూఁ."

"పిన్ను మీద తుప్పేమైనా ఉందేమో. మెత్తటి గుడ్డతో తుడవండి. రేపు చూద్దాం. మోకాలు ఎలా ఉంది?"

"దానికేం, మహారాణీలా ఉంది. నడిపించుకోవడం నా వంతు." ఆవిడ మళ్ళీ నవ్వింది. తర్వాత పావుగంట మోకాలి గురించీ, భర్త గేజీ పలక మీద అంకెలకు ఏటా రంగు వేసేటప్పుడు ఎనిమిదిని ఎప్పుడూ తలకిందులుగా వేస్తున్నానేమోనని భయపడేవాడనీ చెప్పింది. ఊఁ గారు ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని విన్నారు.

మంగళవారం మూడు తీగలూ తీసి మళ్ళీ గుచ్చి చూడమన్నారు. బుధవారం ఒక్కో అక్షరం నెమ్మదిగా కొట్టమన్నారు. ఆ రెండు పొద్దులూ ఆఫీసు తాళం తీసేవాడికంటే ముందే ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డారు. రేపు చెప్పేద్దాం అని ఆ రెండు రోజులూ అనుకున్నారు కూడా. మనసులో తప్పు గుచ్చుకోలేదని కాదు. కానీ గంట సేపు ఇంకొకరి మాటలు వినడం అలవాటు తప్పిన మనిషికి, ఆ గంట వదులుకోవడం చెయ్యి తెంచుకున్నట్టు అనిపించింది.

గురువారం ఫోన్ వాచ్‌మన్ ఎత్తాడు.

"అమ్మగారు పడిపోయారండీ. పొద్దున గేజీ చూడ్డానికి దిగి, కింది మెట్ల మీద నాచు ఉంటే జారారు. మణికట్టు బెణికింది. డాక్టరు కట్టు కట్టి పంపాడు. ఇదిగో, ఇస్తున్నా, వద్దన్నా వినరు."

"తమ్ముడూ," అంది గేజమ్మ. గొంతులో హుషారు లేదు. "కుడి చేయి కట్టేశారు. ఎడం చేత్తో కొడతా. ఇవాళైనా అవుతుందంటావా?"

ఊఁ గారు వెంటనే అందుకున్నారు. "పైన సెట్టింగ్స్ అని ఉంటుంది, తెరవండి. అందులో సీరియల్. కింద హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ అని ఉందా?"

"ఉంది. టిక్కు ఉంది పక్కన."

"తీసేయండి. ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టండి."

ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. "అయ్యో, తీసుకుంది! ఏదో రాస్తోంది తమ్ముడూ, గబగబా రాస్తోంది!" ఆయన మరమ్మతు ఆదేశం చెప్పారు. కాసేపటికి బోర్డు మొదటినుంచి లేచి నిలబడింది. ఊఁ గారి ఎదుట తెర మీద ఆ స్టేషన్ పేరు పక్కన వారం తర్వాత మొదటి అంకె పడింది.

అవతల నవ్వు వినపడుతుందని ఆయన ఎదురుచూశారు. వినపడలేదు.

"ఒక్క టిక్కా?" అంది ఆవిడ.

"ఊఁ."

"నాలుగు రోజులుగా నేను తీగలు పీకి పెడుతున్నది ఈ టిక్కు కోసమా? ఇది నీకు ఇవాళే తట్టిందా?"

అబద్ధం చెప్పడానికి అంతకంటే సులువైన చోటు ఉండదు. ఇవాళే తట్టిందంటే ఆవిడ నమ్మేది, మెచ్చుకునేది కూడా.

"లేదు," అన్నారు ఆయన. "సోమవారమే తెలుసు."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఫోన్ పెట్టేస్తారు కదా అని."

అవతల వాన చప్పుడు వినపడింది. తర్వాత ఆవిడ, "సరే సారూ. పెట్టె పనిచేస్తోంది. ఉంటాను," అని ఫోన్ పెట్టేసింది.

ఊఁ గారు ఆ సాయంత్రం రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశారు. లోపం సోమవారం తెలిసింది, గురువారం సరిచేయబడింది, జాప్యం నావల్ల. పైఅధికారి పిలిచి, "ఇదేమిటి, మూడు రోజులు ఏం చేశారు?" అని గద్దించాడు. ఆవిడ తరఫున ఫిర్యాదేమీ రాలేదు కాబట్టి ఒక హెచ్చరిక కాగితంతో సరిపెట్టాడు. కాగితం తీసుకుని ఆయన అడుగు అంతస్తుకు దిగి వచ్చారు.

రెండు నెలల తర్వాత సంతకాలు పడ్డాయి. ఏడాదికోసారి యంత్రం అంకెనూ పలక మీది అంకెనూ పోల్చి చూడాలి. ఆ పనికి ఊఁ గారు తెల్లవారుతూ బస్సెక్కి మధ్యాహ్నానికి జలాశయం చేరారు.

గొంతును బట్టి ఆవిడ భారీ మనిషి అనుకున్నారు. తీరా చూస్తే ఆయన భుజం దాకా కూడా రాదు. కట్టు విప్పేశారు గానీ మణికట్టు ఇంకా కాస్త ఉబ్బి ఉంది. ఆయన చూపు దాని మీదే ఆగిందని గమనించి చేయి చీర చెంగు కిందికి లాక్కుంది.

"అమ్మా, ఆ రోజు నేను..."

"ముందు పని చూడండి సారూ," అంది ఆవిడ. "నేను ఇక్కడ తెర చూస్తాను. మీరు దిగి పలక చదవండి."

ఆయన దిగారు. మెట్లు సన్నగా, తడిగా ఉన్నాయి. పట్టుకోవడానికి ఒక పక్క గొలుసు మాత్రమే ఉంది. సగం దిగేసరికే ఆ గొలుసును రెండు చేతులా పట్టుకున్నారు. ఇలా రోజుకు మూడుసార్లు ఆవిడ దిగిందని తెలుసు. ఎంత కిందికి దిగిందో మాత్రం అప్పుడే తెలిసింది. నీళ్ళ అంచుకు వచ్చి అంకె చూసి పైకి చెప్పారు.

"వినపడట్లేదు!" అని పైనుంచి కేక. "గట్టిగా!"

"పద్నాలుగు, అరవై రెండు."

"గట్టిగా సారూ, గాలి ఉంది!"

ఊఁ గారు గొలుసు పట్టుకుని, తల పైకెత్తి, ఉన్న బలమంతా పెట్టి అరిచారు. "పద్నాలుగు! అరవై రెండు!" గోడకు తగిలి ఆ గొంతు తిరిగి వచ్చింది. ఎవరి గొంతో అనుకున్నారు ఒక క్షణం.

"ఇక్కడ పద్నాలుగు అరవై. రెండు సెంటీమీటర్లు తక్కువ చూపిస్తోంది."

పైకి వచ్చి ఆ తేడా సరిచేశారు. ఆవిడ గదిలో రెండు కంచాలు పెట్టి, "తిరుగు బస్సు నాలుగింటికి. తినండి," అంది. చేతులు కడుక్కున్నాక ఆవిడ కిటికీ దగ్గర నిలబడి చెప్పింది.

"పడ్డందుకు కాదు సారూ నాకు కోపం. మా ఆయన రెండుసార్లు పడ్డాడు, ఈ ఉద్యోగంలో పడతారు. ఆ మూడు రోజులూ తప్పు నాలోనే ఉందనుకున్నా. తీగ సరిగ్గా పెట్టలేకపోతున్నా, వేళ్ళు మొద్దుబారాయి, అక్షరాలు కనబడట్లేదు, ఇక నేను పనికిరాను అనుకున్నా. బుధవారం కూర్చుని ఏడ్చాను కూడా. నాకు వచ్చిన పనిని నాకు రాదని నన్నే నమ్మించారు. అది నచ్చలేదు నాకు."

ఆ మూడు రోజుల్లో తాను దాచినది ఒక టిక్కు మాత్రమే అనుకున్నారు ఊఁ గారు. అవతల అది ఇంత పని చేసిందని ఊహించలేదు. "మీకు బాగా వచ్చు," అన్నారు. "ఫోన్‌లో నేను చెప్పిన అరవై మూడు చోట్లలో మీ అంత త్వరగా తీగలు పెట్టినవాళ్ళు లేరు. ఇది ఆ రోజే చెప్పాల్సింది." తర్వాత, అడగకపోయినా, తన భార్య వెళ్ళిపోయిన ఉదయం గురించి చెప్పారు. పెట్టె టాక్సీలో పెట్టడం, ఊఁ అనడం, గిన్నెలు కడగడం, వరసగా అన్నీ. ఎవరికైనా చెప్పడం అదే మొదలు.

ఆవిడ మధ్యలో అడ్డురాకుండా విన్నది. చివర్న, "బస్సు వచ్చే వేళైంది," అంది. గేటు దాకా వచ్చింది. "ఒంటరితనం నాకు తెలీనిదేం కాదు సారూ. అందుకే అంత వాగుతాను. ఉంటే ఉందని చెప్పుకోవాలి గానీ, ఇంకొకళ్ళ మోకాళ్ళ మీద తీర్చుకోకూడదు."

ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నది రెండుసార్లే, అదీ పని మీద. ఆవిడ ఎప్పుడూ సారూ అనే అంది. పైఏడు గేజమ్మ రిటైరై చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ స్థానంలో కొత్తవాళ్ళను వేయలేదు. చెల్లెలి ఊరేదో, ఫోన్ నంబరేదో ఊఁ గారు అడగలేదు. అడిగే హక్కు పోగొట్టుకున్నానని అనుకున్నారో, అడగడం అలవాటే లేకపోయిందో, ఆయనకే తెలియదు.

అదే ఏడు ఆయన తిరుగుడు పని కావాలని అర్జీ పెట్టుకున్నారు. ఎవరూ కోరుకోని పని కాబట్టి వెంటనే ఇచ్చారు. నెలలో పదిహేను రోజులు కేబుల్ సంచి భుజాన వేసుకుని స్టేషన్లు తిరిగేవారు. పెట్టె మూత తీయగానే, తనకు ఏం అర్థమైందో, ఎంతసేపు పడుతుందో అక్కడున్న మనిషికి ముందే చెప్పేవారు. కొందరు కూర్చోబెట్టి టీ ఇచ్చి మాట్లాడించేవాళ్ళు. కొందరు సంతకం పెట్టి గేటు వేసేసేవాళ్ళు. మిగిలిన పదిహేను రోజులు అడుగు అంతస్తులో గడిచేవి. తిరిగి తిరిగి ఇంటికి వచ్చి తలుపు తీస్తే, ఇల్లు ఎలా వదిలి వెళ్ళారో అలాగే ఉండేది. సంచి దించి, కిటికీ తెరిచి, స్టవ్ మీద నీళ్ళు పెట్టుకునేవారు.